ఈల మోగే చెవితో గేటు డ్యూటీ

ఉదయం ఏడు గంటలకు డ్యూటీలో చేరాను. రాయచెర్లు దాటాక షేర్ ఆటో దిగి కంచె వెంబడి నడిచాను. మార్చి నెల. అప్పటికే నేల కాలుతోంది. ఎటు చూసినా సోలార్ ప్యానెళ్ళు, వాటి మధ్య ఎర్రమట్టి బాటలు. గుట్టలు దూరంగా, మసకగా ఉన్నాయి. నేను ఫిరంగి దళంలో పనిచేసి వచ్చినవాడిని. కొత్త చోటికి వెళ్తే ముందు గుర్తులు వెతుక్కోవడం అలవాటు. ఇక్కడ ఒక వరుసకూ ఇంకో వరుసకూ తేడా లేదు. ఆ సంగతి మొదటి రోజే నన్ను కలవరపెట్టింది.

నా చోటు మెయిన్ గేటు పక్కన రేకుల క్యాబిన్. సామాను ఒక వాకీటాకీ సెట్టు, ఒక లాఠీ, నీళ్ళ క్యాన్. గోడకు సైట్ మ్యాపు. సూపర్వైజరు నోటితోనే ఆర్డరు ఇచ్చాడు.

"గంటకోసారి గస్తీ మనిషిని సెట్టులో పిలవాల. జవాబు రాకపోతే నాకు ఫోన్ చేయాల. అంతేనప్పా."

క్యాబిన్‌కు ఆనుకునే ఇన్వర్టర్ల గది. వాటి ఫ్యాన్లు ఎండతో పాటు గొంతు పెంచుతాయి. ఎనిమిదింటికి సన్నని మూలుగు. పన్నెండింటికి హోరు. పొద్దు దిగితే ఆగిపోతాయి. అప్పుడు నా చెవుల్లోని ఈల ఒక్కటే మిగులుతుంది.

ఆ ఈల ఆర్మీ నుంచి నా వెంట వచ్చింది. కుక్కర్ ఈల ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. ఇది ఆగదు. తుమకూరులో డాక్టరు నన్ను మూసిన గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి, చెవులు బాగానే ఉన్నాయన్నారు. అదీ నిజమే. చప్పుడు లేని గదిలో సన్నని శబ్దం కూడా నాకు వినిపిస్తుంది. నలుగురు మాట్లాడే చోట, ఫ్యాను తిరిగే చోట మాత్రం పక్కనున్న మనిషి మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది.

నేను పదో తరగతితో ఆగిపోయినవాడిని. కానీ పావగడ లైబ్రరీలో నేను చెయ్యి పెట్టని అర లేదు. తెలుగు పుస్తకాలు, తర్వాత కన్నడవి, తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషువి. అక్కడే తెలుసుకున్నాను, వినడం చెవి పని మాత్రమే కాదని. హోరులోంచి మాటను ఏరుకోవడానికి మెదడు కష్టపడాలి. ఈల ఉన్నవాడికి బయటి హోరుతో పాటు లోపలిది కూడా ఉంటుంది. చెవి పరీక్షలో నెగ్గిన మనిషి కూడా ఒక పూట మాటలు వినేసరికి బస్తాలు మోసినట్టు అలిసిపోవచ్చు. అది చదివిన రోజు ఇంటికి వచ్చి నా భార్యతో, నాకు పిచ్చి లేదని తేలింది అన్నాను.

"అది తేల్చుకునేదానికి ఇన్ని పుస్తకాలు కావాల్నా?" అంది.

గస్తీ మనిషిది బలసముద్రం. యాభై దాటినవాడు. గొర్రెల మంద అమ్మేసి యూనిఫాం వేసుకున్నాడు. పగలంతా మోపెడ్ మీద కంచె చుట్టూ తిరుగుతాడు. మొదటి వారంలో ఒక మధ్యాహ్నం ఆయన చెప్పిన ఒకే మాటను నేను మూడుసార్లు అడిగాను. డ్యూటీ దిగేటప్పుడు గేటు దగ్గర మోపెడ్ ఆపాడు.

"ఏందప్పా మిలిటరీ, నీతో మాట్లాడేకంటే మా పొట్టేలుతో మాట్లాడేది మేలు. అదన్నా తల ఊపుతాది."

నేను దాచలేదు. "చెవుల్లో ఈల మోగుతా ఉంటాదన్నా. ఈ హోరులో మాట పట్టుకోలేను."

"ఇప్పుడు గూడా మోగుతాండాదా?"

"ఇప్పుడు గూడా."

ఆయన వంగి నా చెవికి తన చెవి ఆనించి విన్నాడు. "నాకేం వినపడలే. నువ్వొక్కడివే వింటాండావా? పిసినారి!"

శత్రువు దగ్గరలో ఉంటే మా జవాన్లు సెట్టులో మాట్లాడేవారు కాదు. మీట నొక్కి వదిలేవారు. ఒక నొక్కు ఔను, రెండు నొక్కులు కాదు. హోరులో మాట కరిగిపోతుంది, మీట మాత్రం టక్కుమంటుంది. అదే ఆయనకు నేర్పాను.

"నోరుండీ మూగోళ్ళమైతిమి కదప్పా" అన్నాడు. కానీ నేర్చుకున్నాడు. ఇన్వర్టర్లు హోరెత్తే వేళల్లో ఇద్దరం మీటతోనే పని నడిపాం.

మే నెల. మధ్యాహ్నం ఒంటి గంట. పడమటి గాలి దుమ్ము లేపుతోంది.

"గేటు నుంచి గస్తీకి. అంతా బాగుందా? ఓవర్."

జవాబు లేదు. మళ్ళీ పిలిచాను. మూడోసారికి ఒక గొంతు వచ్చింది. ముద్దముద్దగా ఉంది. తప్పు నా చెవిదే అనుకున్నాను. సూపర్వైజరుకు ఫోన్ చేశాను. ఆయన జీపులోనూ సెట్టు ఉంది.

"నాకూ అర్థం కాలేదప్పా. తాగినోడి మాదిరి మాట్లాడతాండాడు."

"ఆయన తాగడు సార్. వడదెబ్బ."

జీపు కదిలింది. ఎటు వెళ్ళాలి? మైళ్ళ పొడుగు కంచె. అన్నీ ఒకేలాంటి వరుసలు. గస్తీ మనిషి ఫోను మోగుతోంది కానీ ఎత్తడం లేదు. వడదెబ్బ తగిలి ఎండలో పడి ఉన్నవాడికి ఎక్కువ సమయం ఉండదు.

"అన్నా, మాట వద్దు. మీట నొక్కు. తూర్పు కంచె దగ్గర ఉండావా?"

టక్కుమంది. లేక అన్నట్టు నాకు అనిపించిందా? నా చెవి ఈల వేస్తూ వేస్తూ అప్పుడప్పుడు టక్కుమని కూడా అంటుంది. ఆ చప్పుడు బయటిదో లోపలిదో చెప్పలేకపోయాను. ఫిరంగుల దగ్గర కూడా నేను అంత భయపడలేదు. ఫిరంగి పేలితే అది ఫిరంగే.

సెట్టు మీద చిన్న దీపం ఉంటుంది. అవతలివాడు మీట నొక్కితే పచ్చగా వెలుగుతుంది. ఆ ఎండ వెలుతురులో అది కనబడదు. భుజం మీది తువ్వాలు తలమీదుగా కప్పుకుని, సెట్టును ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఇంకో చేతిలో ఫోను, సూపర్వైజరు లైన్లో. మా మీట లెక్క ఆయనకు తెలియదు.

"తూర్పు కంచేనా అన్నా?"

దీపం వెలిగి ఆరింది. మళ్ళీ వెలిగి ఆరింది. కాదు.

"పడమరా?"

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక్కసారి వెలిగింది.

"సార్, పడమర."

"పడమరంటే యాడప్పా? ఆ కొస నుంచి ఈ కొస దాకా ఉండాది!"

మ్యాపులో పడమటి కంచె సగంలో ఉన్న గుర్తు నీళ్ళ ట్యాంకు ఒక్కటే.

"అన్నా, నీళ్ళ ట్యాంకు దాటినావా?"

చెవికి ఒక్క టక్కే వినబడింది. కంటికి రెండు వెలుగులు కనబడ్డాయి. చెవి ఔనంది, కన్ను కాదంది. హోరులో మెదడు తాను ఎదురుచూసే దాన్నే వింటుందని చదివాను. నేను ఔను కోసమే ఎదురుచూస్తున్నాను.

"దాటలేదు సార్. ట్యాంకుకు ఇవతలే. వరుసల లోపల చూడండి, నీడకు చేరుంటాడు."

"గట్టిగా తెలుసా?"

తెలియదు. "తెలుసు సార్" అన్నాను.

అప్పుడు దీపం వెలిగి, ఇక ఆరలేదు. ఆయన మీట అలాగే నొక్కిపట్టాడు. అలా పట్టినంతసేపు నేనేం అడిగినా ఆయనకు చేరదు. తువ్వాలు కింద ఆ పచ్చ చుక్కనే చూస్తూ కూర్చున్నాను. సెట్టులోంచి గాలి హోరు, గోడ అవతల ఇన్వర్టర్ల హోరు, వీటన్నిటి మీదా నా ఈల. వీటి అడుగున ఆయన ఊపిరి ఉందేమోనని వెతికాను. విని విని దవడలు నొప్పెట్టాయి. ఊపిరి దొరకలేదు.

ఫోనులోంచి అరుపు వచ్చింది.

"దొరికినాడు! ట్యాంకుకు ఈ పక్కనే. ప్యానెల్ కింద పడుండాడు. ప్రాణముండాదప్పా!"

జీపు గేటుకు వచ్చింది. క్యాన్ తీసుకుని పరుగెత్తి, ఆయన మెడ మీద, తల మీద నీళ్ళు పోశాను. తువ్వాలు తడిపి ఛాతీ మీద కప్పాను. సెట్టు ఆయన చేతిలోనే ఇరుక్కుని ఉంది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పి తీశాను. జీపు పావగడ ఆసుపత్రికి వెళ్ళిపోయింది.

ఆయన బతికాడు. ఉద్యోగం మానేసి మళ్ళీ నాలుగు గొర్రెలు కొన్నాడు. చూడడానికి వెళితే, "నా మాట ఎప్పుడూ వినలేదు గానీ, నోరు పడిపోయినంక బాగా విన్నావప్పా" అని నవ్వాడు. ఆయన భార్య నవ్వలేదు. నాకు మజ్జిగ ఇచ్చి, చాలాసేపు నా చెవుల వంకే చూసింది.

వానలు మొదలయ్యాక నా కాంట్రాక్టు ముగిసింది. ఇంకో ఏడాది ఉండమన్నారు. ఉండలేదు. నాగలమడిక బస్సు ఎక్కి ఇంటికి వచ్చేశాను. ఇప్పుడు నా భార్య ఏదైనా చెప్పాలంటే మిక్సీ ఆపి, నా ఎదురుగా వచ్చి నిలబడుతుంది. ఈల అలాగే ఉంది. దానికి అలవాటు పడ్డాను.

అలవాటు పడనిది ఇంకొకటి ఉంది. ఆ మధ్యాహ్నం గేటు దగ్గర నేను సెట్టు తీసుకున్న తర్వాత ఆయన చెయ్యి జీపు సీటు మీద వాలిపోయింది. కళ్ళు మూసి ఉన్నాయి. నీళ్ళ చల్లదనానికి కాబోలు, ఆ ఖాళీ పిడికిలిలో బొటనవేలు కదిలింది. ఒకసారి నొక్కింది. ఆగి, రెండుసార్లు నొక్కింది. మళ్ళీ ఒకసారి. ఔను, కాదు, ఔను. ఎవరూ ఏమీ అడగడం లేదు.