నడిసముద్రంలో మొదటి పిడికిలి

ఆ రోజుల్లో నాకు దేవుడి సంగతులు దాదాపు అన్నీ తెలుసు. ఇప్పుడు చాలా తగ్గిపోయింది. అప్పుడు నాది ఇరవై దాటిన వయసు. డిగ్రీ ముగించి, బెళుగుప్పలో మా పెద్దనాయన విత్తనాల అంగట్లో పగలు బిల్లులు కొట్టేదాన్ని, పొద్దు వాలితే మా పల్లెలో రాముల గుడికి పోయి భజన పాడేదాన్ని. పుట్టినప్పటినుంచి పురాణం వింటూ పెరిగినందువల్ల ఎవరింట ఏం జరిగినా, బోరు ఎండినా, గొడ్డు తప్పిపోయినా, స్వామి అట్లా ఎందుకు చేశాడో అడగకపోయినా చెప్పేదాన్ని. పెద్దనాయన అంటే మా నాయనకు అన్న. భజన సమాజానికి పెద్ద. నాకంటే భక్తుడే గానీ నాకున్నంత వివరం ఆయనకు లేదని నా గట్టి నమ్మకం. ఎవరికైనా ధర్మసందేహం వస్తే ఆయన, 'మా పాపనడగండప్పా, అది చదువుకున్యాది' అని నన్ను చూపించేవాడు. (అట్లాంటి మనిషి నీడన పెరిగితే ఎవరి తలైనా కాస్త ఎత్తుగానే ఉంటుంది.)

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. వేరుశనగ విత్తిన ఎర్రనేలలన్నీ మాడిపోయాయి. ఇక మిగిలింది మా నల్లరేగడిలో శనగ. అది విత్తాలంటే పుబ్బ కార్తె పోయినా ఉత్తర కార్తె పోయినా చివరికి ఒక్క గట్టి వాన పడాలి. గుడిలో సప్తాహం పెట్టాం. పగలూ రాత్రీ భజన ఆగకుండా వంతులవారీగా పాడాం. సరిగ్గా ఆ సమయంలోనే విత్తనాల కంపెనీవాళ్ళ కబురు వచ్చింది. బాగా అమ్మిన అంగళ్ళవాళ్ళను చెన్నై నుంచి ఓడలో సముద్రం మీద తిప్పి తెస్తారట, అంగడికి ఇద్దరు రావచ్చునట. పెద్దమ్మ ఆ మాట వినగానే తేల్చేసింది. "నీళ్ళు చూడల్లంటే వంక పారినప్పుడు చూస్తా. నీళ్ళ మింద పండుకునేదానికి నేనేమన్నా కప్పనా?" ఆ విధంగా ఆమె చోటు నాకు దక్కింది.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. విత్తనం వేసే రోజు ఎద్దులు లాగే గొర్రుకు పసుపు కుంకుమ పెట్టి, తూర్పు ముఖంగా నిలబడి మొదటి పిడికెడు గింజలు వేసేది ఇంటి పెద్ద మగచేయి. ఆ తరువాత పొద్దు గుంకేదాకా గొర్రు వెనకాల నడిచి నడుములు పోగొట్టుకుని విత్తేది ఆడవాళ్ళు. అంటే పని మొత్తం ఒకరిది, ప్రారంభోత్సవం మాత్రం ఇంకొకరిది. పెద్దనాయన చేయి మంచిదని పేరు. ఆయన వేసేదాకా మా చుట్టుపక్కల చేన్లవాళ్ళు కూడా గొర్రు దించేవాళ్ళు కాదు. ఒక ఏడు ఆయనకు జ్వరం వస్తే మంచం మీదే చేనికి మోసుకుపోయారు.

సప్తాహం ముగిసిన మరునాడే వాన వచ్చింది. ఏదో చినుకులు కాదు, చూరు కింద నిలబడి మాట్లాడితే పక్కవాడికి వినపడనంత వాన. స్వామి మన పాట విన్నాడని పెద్దనాయన కళ్ళు తుడుచుకున్నాడు. విన్నది ఏ పాటో కూడా నేను చెప్పగలిగాను. కానీ మా ప్రయాణం కూడా అప్పుడే. రేగడి నేల తడిస్తే కొన్నాళ్ళు కాలు మోపనివ్వదు, మోకాటిదాకా దిగబడుతుంది. కాస్త ఆరి కాలు మోసేటప్పటికి గొర్రు దించాలి. ఇంకా ఆలస్యం చేస్తే పైన గట్టిపడి తేమ అడుగుకు దిగిపోతుంది. పెద్దనాయన చేనిగట్టు మీద నిలబడి మట్టి పిసికి చూశాడు. "మేము తిరిగొచ్చేతలికి నేల కాలు మోస్తాది. నేనొచ్చినంక దించుదాం" అని మా నాయనకు చెప్పి బస్సెక్కాడు.

ఊరు దాటగానే బస్సు ఆగింది. ఏళ్ళ తరబడి ఇసుక తప్ప ఏమీ లేని మా వాగు, మేము వంక అంటాం, రోడ్డు మీదుగా ఎర్రగా పారుతోంది. వేరే ఏ ఊళ్ళోనైనా ఇట్లాంటి చోట జనం గడియారాలు చూసుకుంటారు. మా బస్సులో ఒక్కడు కూడా చూసుకోలేదు. అందరూ దిగారు. కండక్టరు చెప్పులు విప్పాడు. ఎవరి సంచిలోంచో పసుపు, ఎవరి సంచిలోంచో కుంకుమ వచ్చాయి. గంగమ్మకు పూజ. పెద్దనాయన తన సంచిలోంచి సముద్రుడికి కొట్టాలని తెచ్చిన టెంకాయ తీశాడు. నేను అడ్డం పడ్డాను. రైలు తప్పిపోతుందని కాదు, ఒక దేవుడికి అనుకున్నది ఇంకొకరికి ఇవ్వడం దోషమని. ఆయన, "సముద్రానికి నీళ్ళేమన్నా కొత్తనా పాపా? వంకకే కదా కొత్త" అని రాయి మీద కొట్టేశాడు. నేను జవాబుకు శ్లోకం వెతుక్కుంటూనే ఉన్నాను. నీళ్ళు తగ్గేదాకా అందరం కొబ్బరిముక్కలు తింటూ నిలబడి, మా వంకను పెళ్ళికూతుర్ని చూసినట్టు చూశాం.

గుంతకల్లులో ఎక్కవలసిన రైలు కూడా వానవల్ల ఆలస్యంగా రావడంతో అది మాకు దొరికింది. చెన్నై చేరేసరికి ఓడ బయలుదేరే వేళ దాటిపోయింది. రేవుకు పరుగున పోతే అక్కడ పెద్ద హాలు నిండా జనం, పెట్టెలు, ఏడ్చే పిల్లలు. గాలివాన వల్ల ఓడ ఆలస్యంగా కదులుతుందని మైకులో చెబుతున్నారు. హాలంతా ఉస్సురంది. మా జిల్లా అంగళ్ళవాళ్ళు మాత్రం, 'వాన' అన్న మాట చెవిన పడగానే చప్పట్లు కొట్టారు. (మేము అలవాటుగా కొట్టాం. వాన వార్త వింటే మరేం చేయాలో మాకు తెలియదు.) భజన తాళాలు సంచిలోనే ఉన్నాయి కాబట్టి రెండు భజనలు కూడా అందుకున్నాం. ఎదురుగా కూర్చున్న ఒక పెద్దమనిషి, రెండుసార్లు విమానం మారి వచ్చినవాడట, ఇందులో అంత సంతోషం ఏముందని హిందీలో అడిగాడు. పెద్దనాయనకు హిందీ రాదు. పక్కన కూర్చుని, మా వంక ఎంత ఎత్తున పారుతోందో చేత్తో చూపించి, పెద్దమ్మ కట్టిచ్చిన వేరుశనగ ఉండ ఒకటి ఆయన చేతిలో పెట్టాడు. ఆ మనిషి దాన్ని కొరుక్కుంటూ మా పాట విన్నాడు.

నేను ఊరుకోలేదు. అంగళ్ళవాళ్ళందరినీ కూర్చోబెట్టి వివరించాను. స్వామి అంతటివాడే సముద్రం ఒడ్డున దర్భల మీద పడుకుని దారి కోసం కాచుకున్నాడు, మనమెంత అన్నాను. పైగా మనం గంగమ్మకు టెంకాయ కొట్టాం కాబట్టి మన కోసమే ఓడను ఆపాడు అన్నాను. అంటే ఆ హాలులోని అన్ని వందల మందినీ, పసిపిల్లలతో సహా, మా ఒక్క టెంకాయ కోసం దేవుడు తిప్పలు పెట్టాడన్నమాట. ఆ లెక్క ఎంత ఘోరంగా ఉందో నాకు అప్పుడు తోచలేదు. అందరూ చేతులు జోడించారు.

ఓడ సంగతి ఎక్కువ చెప్పను. ఊగింది. మేమూ ఊగాం. పెద్దనాయన అన్ని వంటలమధ్య పెరుగన్నం వెదుక్కుని తిన్నాడు. మొదటిరోజు రెయిలింగు పట్టుకుని చాలాసేపు నీళ్ళు చూసి, "ఇన్ని నీళ్ళుండి ఒక్క సేను లేదు చూడు" అని జాలిపడ్డాడు. అంతా బాగానే ఉంది గానీ తిరుగుప్రయాణంలో మళ్ళీ గాలి లేచింది. చెన్నై భవనాలు మసకగా కనబడుతున్న దూరంలో ఓడ ఆగిపోయింది. రేవులోకి దారి చూపే పైలట్ పడవ అలలకు దగ్గరకు రాలేకపోతోందట, సముద్రం శాంతించేదాకా అక్కడే ఉండాలట. ఒక పూట గడిచింది, ఒక రోజు గడిచింది. మిగతావాళ్ళు విమానాలు తప్పిపోతాయని గోల పెడుతున్నారు. పెద్దనాయన మాత్రం ఓడ పనివాళ్ళు కనబడినప్పుడల్లా, నేల ఎప్పుడు తగుల్తాదని తెలుగులోనే అడుగుతున్నాడు. అక్కడ మా చేను కాలు మోసే రోజు వచ్చేసింది. అది ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. నా వైపు తిరిగి, "స్వామి ఏమంటాండాడు పాపా?" అని అడిగాడు. వెళ్ళేటప్పుడు ఓడను మా కోసమే ఆపినవాడు, వచ్చేటప్పుడు ఎవరి కోసం ఆపాడో నేను చెప్పలేకపోయాను.

ఓడ ఆగిన రెండోరోజు ఉదయం పై అంతస్తులో ఫోను పలికింది. తీరం దగ్గరే కాబట్టి సిగ్నల్ వచ్చి పోతూ ఉంది. మా నాయన గొంతు. ఊళ్ళో చిటపటలాడే ఎండ అట.

"అన్నా, నేల పైన తెల్లబారతాండాది. బీటలు తీస్తాండాది. ఈ పొద్దు దించకపోతే ఇంగ గొర్రు దిగదు. పక్క సేన్లోళ్ళు కూడా నీకోసరమే సూస్తాండారు."

పెద్దనాయన వాన తుంపర్లలో తలమీద తువ్వాలు వేసుకుని నిలబడ్డాడు. ఆయన చేయి లేకుండా ఆ చేన్లో గింజ పడటం ఆయన జీవితంలో లేదు, ఆయన నాయన జీవితంలోనూ లేదు. "ఇంగొక్క దినం సూద్దామా" అన్నాడు చివరికి. అటునుంచి పెద్దమ్మ ఫోను లాక్కున్నట్టుంది.

"నువ్వు నీళ్ళల్లో ఉండావు, మేము ఎండలో ఉండాము. విత్తనానికి నీ చెయ్యి కావల్నా, తేమ కావల్నా? నేనేస్తా. వద్దంటే వద్దని చెప్పు."

ఆయన నన్ను చూశాడు. "శాస్త్రంలో ఏముండాది పాపా?"

అంత పురాణం విన్నదాన్ని, ఏదో ఒకటి చెప్పగలను. కానీ ఆ ముఖం చూస్తే అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "తెలీదు పెద్దనాయనా" అన్నాను. ఆ ప్రయాణంలో నేను చెప్పిన ధర్మం అదొక్కటే సరైనదేమో.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. తరువాత ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని, చాలా మెల్లగా, పిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు మాట్లాడినట్టు అన్నాడు. "సరే. నువ్వే వెయ్యి. నీ చెయ్యీ ఈ ఇంటి చెయ్యే." అప్పటికే ఫోను చప్పుడు లేదు. ఎక్కడ తెగిందో మాకు తెలియలేదు. మళ్ళీ కలపబోతే కలవలేదు. ఆయన తీరంవైపు, పడమటికి తిరిగి దండం పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ తరువాత మనిషి తేలికపడ్డాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర అంగళ్ళవాళ్ళందరికీ, "మా ఆడమనిషికి ఇచ్చేసినా, ఇంగ ఆమె వేస్తాది" అని చెప్పుకున్నాడు. దానంచేసిన రాజులాగే ఉన్నాడు.

రేవు చేరాక ఫోను చేద్దామంటే వద్దన్నాడు. పోయి కళ్ళారా చూద్దామన్నాడు. బస్సు దిగి ఇంటికి కాదు, నేరుగా చేనికి నడిచాడు. నేను పెట్టెలు మోసుకుంటూ వెనకాల. వంక అప్పటికే ఇసుక మధ్యన సన్నటి చారలా మిగిలింది. చేనంతా గొర్రు సాళ్ళు. మా చేనే కాదు, పక్క చేన్లూ. పెద్దనాయన గొంతుకూర్చుని వేలితో ఒక సాలు తోడాడు. శనగగింజ ఉబ్బి, తెల్లటి ముక్కు బయటపెట్టి ఉంది. దాన్ని చాలాసేపు చూసి మళ్ళీ మన్ను కప్పాడు. సంతోషపడ్డాడు, అది నిజం. కానీ తాను లేకుండానే మొలిచిన గింజను చూసిన మనిషి ముఖంలో ఇంకేదో కూడా ఉంటుందని ఆ రోజు తెలుసుకున్నాను.

మేం వచ్చామని ఎవరో చెప్పినట్టున్నారు, పెద్దమ్మ మజ్జిగ చెంబుతో వచ్చింది. ఆయన లేచి నిలబడి, "నా మాట నిలబెట్టినావు" అన్నాడు.

"ఏం మాట?"

"నువ్వే వెయ్యమని ఓడలోనించి చెప్పింటి కదా."

"యాడ చెప్పినావు?" అంది పెద్దమ్మ. "నేనడిగినంక గుయ్యిమని సప్పుడొచ్చి ఆగిపాయ. ఎంతసేపని సూడల్ల? కాళ్ళు కడుక్కొని పోయి వేసేస్తి. నన్ను సూసి వాళ్ళూ దించిరి."

పెద్దనాయన చెంబు అందుకున్నాడు. అంత కష్టపడి, నడిసముద్రంలో వానలో నిలబడి ఇచ్చిన అనుమతి ఎవరికీ చేరలేదు, ఎవరూ దాని కోసం ఆగనూ లేదు. మజ్జిగ తాగాడు. మూతి తుడుచుకుని, కనీసం అదైనా సరిగ్గా జరిగిందో లేదో అన్నట్టు అడిగాడు.

"తూర్పు మొగమేనా?"

"నువ్వు యాతట్టుంటే ఆతట్టు తిరిగి వేసినా" అంది ఆమె, చెంబు అందుకుంటూ.

ఇద్దరూ ముందు నడిచారు, నేను పెట్టెలతో వెనకాల.

ఇప్పుడు నా సంసారం కుందుర్పి వైపు. ఇక్కడి భజనలో నేనే పెద్దదాన్ని. వాన ఎందుకు రాలేదని, వచ్చినది ఎందుకు ఆగిందని ఎవరైనా అడిగితే, అడుగుదాం రండి అని తాళాలు తీస్తాను, అంతకుమించి చెప్పను. కానీ మేం ఓడ దిగి వచ్చాక మా పల్లె గుడిలో జరిగిన ఒక శనివారం భజన మాత్రం నాకు తరచూ గుర్తొస్తుంది. అప్పటికి శనగ బాగా లేచింది. పెద్దనాయన పాటకూ పాటకూ మధ్య లేచి, నడిసముద్రంలో అలలమధ్య ఉండి కూడా తాను ఫోనులో ఎట్లా ఆజ్ఞ ఇచ్చాడో, ఇంట్లో ఎట్లా పాటించారో సమాజానికి వివరంగా చెప్పాడు. జనం తలలు ఊపారు. తాళాలు పట్టుకుని ఆడవాళ్ళ వరుసలో కూర్చున్న పెద్దమ్మ నేల చూస్తూ ఉంది. గుడిలో, దేవుడి ఎదుట, జరగనిది జరిగినట్టు చెప్పడమేమిటని నాకు ఒళ్ళు మండింది. సత్యం గురించి నాకు బోలెడు తెలుసు మరి. లేవబోయాను. పెద్దమ్మ తల ఎత్తకుండానే తాళం గట్టిగా ఒక్కటి వేసింది, తరువాతి పాట మొదలైపోయింది. పల్లవి ఎత్తుకోవలసింది నేనే. సగం లేచిన ఆ తెలివైన పిల్ల, తెరిచిన నోటితో ఏం చేయాలో తెలియక, చివరికి పాడింది.