భుజం పట్టీల ఖాకీ కోటు

మొన్న మధ్యాహ్నం మా వీధికి కొత్తగా వచ్చిన పోస్టమన్ స్కూటీ ఆపి గేటు దగ్గర నిలబడింది. పోస్టమన్ అంటూ నిలబడింది అంటున్నానేమిటా అనుకోకండి, వచ్చింది ఆడపిల్లే. ఆమెని ఏమని పిలవాలో నాకింకా అలవాటు కాలేదు. ఒంటిమీద ఖాకీ బట్టలు, ఇస్త్రీ మడత చెడకుండా ఉన్నాయి. రిజిస్టరు కవరుకి సంతకం పెట్టమని ఆమె ఫోను చాపుతుంటే నేను మాత్రం ఆమె భుజాలకేసి చూస్తూ ఉండిపోయాను. "ఏటమ్మా, ఏటైనా అంటుకుందా?" అని పాపం భుజం దులుపుకుంది. ఏమీ అంటుకోలేదు తల్లీ, అక్కడ పట్టీలు ఉన్నాయో లేవో చూస్తున్నాను అన్నాను. నన్నొకసారి ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది. ఈ వయసులో జనం మనల్ని అలా చూడడం మామూలే. కానీ నేను పోస్టమన్ కూతురిని, ఖాకీ కనిపిస్తే భుజాలు చూడకుండా ఎలా ఉంటాను?

మాది నరసన్నపేట. మా తాత టపా మోసిన రోజుల్లో గోచీ, తలపాగా, చేతిలో గజ్జెలు కట్టిన ఈటె. నడుం పట్టీకి ఒక ఇత్తడి బిళ్ళ. సర్కారువారు ఆయనకిచ్చిన దుస్తులంటే ఆ బిళ్ళ ఒక్కటే. మా నాయనమ్మ ప్రతి దసరాకీ దాన్ని చింతపండుతో తోమి, బొట్టు పెట్టి, దేవుడి పక్కన పెట్టేది. మా నాన్నకి చాలా ఏళ్ళు ఆ బిళ్ళ కూడా లేదు. ఉద్యోగం ఖాయం కాని రోజుల్లో పంచె, తుండు, చిల్లుల బనీనుతోనే కొండ కింది ఊళ్ళకి ఉత్తరాల సంచీ మోశాడు. ఊరి మొదట్లోనే "టపా..." అని సాగదీసి ఒక కేక వేసేవాడు. మా తాత గజ్జెల చప్పుడుకి బదులు మా నాన్న గొంతన్నమాట. ఊళ్ళవాళ్ళు ఆయన్ని టపా బావు, అంటే టపా బాబు, అనేవారు. సొంత పేరు పెట్టి పిలిస్తే ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూసేవాడు.

అరవైల చివర్లో ఆయన్ని పూర్తి పోస్టమన్‌ని చేశారు. ఖాకీ గుడ్డ ఇచ్చారు. ఆ తాను చంకలో పెట్టుకుని బజారు వీధంతా నడిచి వచ్చాడు, దగ్గరి దారి ఉన్నా సరే. మా అమ్మ దాన్ని బిందెలో నానబెట్టి, నీడన ఆరేసి, కాకి వాలకుండా కాపలా కూర్చుంది. కుట్టే పని మా మావయ్యది. అమ్మ తమ్ముడు, టైలరు. ఊళ్ళో పోలీసుల బట్టలన్నీ ఆయనే కుట్టేవాడు, అందుకని ఖాకీ గుడ్డ చూస్తే ఆయన కత్తెర తన దారిన తనే పోయేది. తపాలావాళ్ళ కోటుకి అక్కర్లేనివన్నీ పెట్టాడు. మూత జేబులు, వాటిమీద మడతలు, భుజాల మీద బొత్తాములతో పట్టీలు. ఇదేమిటని నాన్న అడిగితే, "ఏటి బావా, దర్జా పోలీసోలకేనా? నువ్వు మాత్రం ఏటి తక్కువ?" అన్నాడు. నాన్న అద్దం ముందు అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. మా అమ్మ దిష్టి తీసింది. నిజం చెప్పొద్దూ, మా నాన్న అంత బాగుంటాడని నాకు ఆ రోజే తెలిసింది.

బజారులో అందరూ మెచ్చుకున్నారు. చిక్కంతా కొండ కింది ఊళ్ళలో వచ్చింది. ఆ రోజుల్లో అటువైపు పోలీసుల రాకపోకలు ఎక్కువ, దొరికిన మగాణ్ణల్లా పట్టుకుపోయేవారు. పట్టీల ఖాకీ కనబడగానే మగాళ్ళు చెరువు గట్టు దిగి జారుకున్నారు, తలుపులు టపటపా పడ్డాయి. నాన్న "టపా" అని అరిచినా ఒక్కరూ పలకలేదు. ఇన్నేళ్ళు ఎదురొచ్చి మజ్జిగ ఇచ్చిన ఊరు అది. మిగిలినవాళ్ళ సంగతి సరే, ఆ రోజు సంచీలో ఒక ముసలమ్మ ఉత్తరం ఉంది. ఆమె ఒక్కగానొక్క కొడుకు మిలటరీలో ఉన్నాడు, వానలు మొదలైనప్పటి నుంచీ కబురు లేదు. పక్క ఊళ్ళో ఒక సైనికుడు పోయిన కబురు తెచ్చింది ఖాకీ మనిషే. ఇప్పుడు తన గుమ్మంలో ఖాకీ మనిషి, చేతిలో కాగితం. ఆమె లోపల గడియ పెట్టేసింది.

"నానే అప్పా, టపా బావుని. నీ కొడుకు రాసినాడు" అన్నాడు నాన్న. మా వైపు అక్కని అప్ప అంటారు.

"ఎల్లిపో పోలీసు బావూ. ఆ కాయితం నాకొద్దు. సదవకపోతే నా కొడుకు బతికే ఉంతాడు."

"కవరు మీద దస్తూరీ నీ కొడుకుదేనే అప్పా."

ఆమె తలుపు సందులోంచి చూసింది. "గొంతు టపా బావుదే. మనిషి ఆడు కాదు."

డ్యూటీలో కోటు విప్పకూడదని పోస్టుమాస్టరు గట్టిగా చెప్పి పంపాడు. అదీగాక, ఎన్నేళ్ళకో ఒంటిమీదికొచ్చిన కోటు అది. ఆ బొత్తాములు విప్పుతుంటే చేతులు రాలేదని నాన్న ఎప్పుడూ అనేవాడు. అయినా విప్పాడు. దడి మీద వేసి, చిల్లుల బనీనుతో నిలబడి మళ్ళీ "టపా..." అన్నాడు. ఆ చిల్లులు ఆమెకి పాత పరిచయం. గడియ తీసింది.

ఉత్తరం నాన్నే చదివి వినిపించాడు. కొడుకు క్షేమం. వేరే చోటికి మార్చారట, అందుకే ఆలస్యం. ఆమె గుమ్మంలో కూలబడి బావురుమంది. ఏడుపు తగ్గాక లేచి, దడి మీది కోటు తీసి, దుమ్ము దులిపి, తన చేత్తో నాన్నకి తొడిగింది. "ఏసుకో బావు. నా కొడుకూ ఇలాటి సర్కారు గుడ్డే ఏసుకుంతాడు. రాజునాగున్నావు. బుజాల మీదివి మాత్రం తీయించీయ్" అంది. ఆపైన నాన్న చెయ్యి పట్టుకుని వీధంతా తిప్పింది. "టపా బావేరా, తలుపులు తియ్యండి" అని గుమ్మం గుమ్మానికీ చెప్పింది. చెరువు గట్టు దిగినవాళ్ళు సిగ్గుపడుతూ వచ్చి కోటు గుడ్డ పట్టుకు చూశారట.

ఆ సాయంత్రమే మావయ్య మొహం ముడుచుకుని పట్టీలు ఊడదీశాడు. అవి నా బడిసంచీకి పట్టుకునే చెవులయ్యాయి. క్లాసులో ఎవరికీ లేని సంచీ అని నేను ఎంత ఊరేగానో చెప్పలేను. కోటు భుజాల మీద మాత్రం కుట్టు విప్పిన చోట సూది బెజ్జాలు మిగిలాయి, ఎన్ని ఉతుకులు ఉతికినా పూడలేదు. నాన్న వాటిని వేలితో తడుముకుంటూ "మా అయ్యకి బిళ్ళిచ్చినారు, నాకు ఇవి" అనేవాడు. ఆ ఖాకీ రంగు వెలిసి, గుడ్డ చిరిగి, నాన్న కూడా వెళ్ళిపోయి చాలా కాలమైంది. ఇన్నేళ్ళూ అంత కోటునీ అరగదీసుకుపోయిన కాలం, నా కళ్ళలో మిగిలిన ఆ నాలుగు బెజ్జాల జోలికి మాత్రం రాలేకపోయింది.