నట్టల డాక్టరు పెళ్ళిచూపులు

నేను పీహెచ్‌డీ చేసింది సముద్రపు పురుగుల పేగుల్లో బతికే ఏకకణ పరాన్నజీవుల మీద. వాటి కుటుంబం పేరు చెబితే జువాలజీ చదివినవాళ్ళే "అదేంటి?" అంటారు. ఇక కామారెడ్డిలో ఎవరికి చెప్పను? ఇక్కడి కాలేజీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పుకుంటున్నాను. బాపు మాత్రం పెళ్ళిళ్ళ పేరయ్యకు ఒక్క ముక్కలో తేల్చేశాడు: "మావోడు నట్టల డాక్టరు." నట్టలంటే గొర్రెల పేగుల్లో పడే పురుగులు.

అందుకే ఎల్లారెడ్డిలో పిల్లను చూడ్డానికి పోతే, వాకిట్లో మాకంటే ముందు గొర్రెలు నిలబడి ఉన్నాయి. పిల్ల తండ్రికి గొర్రెల మందే ఆస్తి. ఒక్కతే కూతురు, కాబట్టి ఇల్లుటం సంబంధం. పెళ్ళయ్యాక నేనే వాళ్ళింట్లో ఉండాలి. అంతకుముందు దీనికి ఒప్పుకున్న ఒకడు, పూలుపండ్లు పెట్టి సంబంధం ఖాయం చేసుకున్నాక దుబాయ్ పోయి మళ్ళీ పత్తా లేడట.

చాయ్ ఇంకా రాలేదు, ఒక గొర్రెను పట్టుకొచ్చి నా ముందు నోరు తెరిపించారు.

"జర చూడు బిడ్డా, నట్టలు పడ్డయి," అన్నాడు పిల్ల తండ్రి.

బాపు నా కాలు తొక్కుతున్నా నిజం చెప్పేశాను. గొర్రెల వైద్యం నాకు రాదనీ, నాది సముద్రపు పురుగు లోపల ఉండే ఇంకో జీవి అనీ.

"అంటే నట్టకే నట్టనా!" ఆయన మొహం వెలిగిపోయింది. "ఇంకేంది, గా దాన్నే తెచ్చి గొర్రెలకు తాపుదాం. నట్టల పని అదే చూస్కుంటది."

"అది పురుగును ఏం చెయ్యదు. పేగుకు అతుక్కొని ఉంటది, అంతే."

"మరి తిండి?"

"పురుగు తిన్నదాంట్లకెల్లే."

"పని?"

"ఏం లేదు."

ఆయన గొర్రెను వదిలేసి నన్ను కిందినుంచి మీదికి చూశాడు. "ఇల్లుటం అల్లుని లెక్కనే ఉన్నది గదా!"

వాకిలంతా ఒకటే నవ్వు. బాపు కూడా నవ్వాడు, ద్రోహి. నాకు ఒళ్ళు మండింది. నా తరఫున కొంత, ఆ జీవి తరఫున మరికొంత. లేచి బస్సెక్కుదామనుకున్నాను.

అంతలో పిల్ల చాయ్ తెచ్చింది. ఆమె ఒక్కతే నవ్వలేదు.

"గా నట్ట ఆ పురుగును ఇడిసిపెట్టి పోతదా?" అని అడిగింది.

వాకిట్లో నవ్వులు ఆగిపోయాయి. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"అది పోదు. దాని పిల్లలు పోతయి. వేరే పురుగును ఎతుక్కుంటయి."

ఆమె చాయ్ నా ముందుకు చాపింది.

"పోతె పోనీ. పిల్లలన్నంక పోతరు. అది ఉంటది గదా?"

"ఉంటది," అన్నాను. చాయ్ అందుకున్నాను. అయినా ఆగలేక, "నేను గూడ ఉంట," అన్నాను.