తవుడుకు కొన్న బిడ్డ, లెక్కకు రాని కానుపు

1949 వానాకాలం మొదట్లో నన్ను సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు పంపారు. దాయి పని, అంటే కానుపులు చేసే పని నేర్చుకునే ఆడవాళ్లకు అప్పట్లో పాఠాలు సూర్యాపేట దవాఖానలో చెప్పేవారు. చేతిపని మాత్రం ఊళ్లల్లో, ఒక నర్సు కళ్లముందు చేసి చూపించాలి. ఆ ఏర్పాటును సర్కారు భాషలో నిగరానీ అనేవారు. నిగరానీలో చేయవలసిన కానుపులన్నీ పూర్తయితేనే నల్లగొండలో డాక్టరుసాబు ముందు నోటి పరీక్షకు పిలుపు వచ్చేది. అందులో గట్టెక్కితే సనదు కాగితం ఇచ్చేవారు, సనదు ఉంటే కొలువు. పరీక్ష ఏడాదికి ఒక్కసారే పెట్టేవారు.

నాకు అప్పటికి అక్షరం రాదు. భర్త పోయిన ఏడు అది. చేతిలో చిన్నపిల్ల. నాట్లకు, కలుపుకు పోయి బతుకుతున్న మనిషిని. ఎవరో చెప్పగా దాయి పాఠాలకు చేరాను. విన్నది విన్నట్టు మనసులో పెట్టుకోవడమే నా చదువు. రాయడం, చదవడం నలభై దాటాక కోదాడలో నేర్చుకున్నాను.

మిర్యాలగూడలో నా మీద నిగరానీ చేసిన నర్సు పేరు రూతమ్మ. కృష్ణా నదికి అవతలి మనిషి. తెల్లచీర, సన్నని గొంతు, తక్కువ మాట. మొదటి రోజే తన పద్ధతి చెప్పింది.

"ముత్తమ్మా, నేను గోడవారన కూర్చుంటాను. నా చేతులు నా ఒళ్లో ఉంటాయి. తల్లినిగానీ బిడ్డనుగానీ నేను ముట్టుకున్నానంటే ఆ కానుపు నాది. నీ లెక్కలో వెయ్యను."

"మరి గండమొస్తేనమ్మా?"

"అప్పుడు లేస్తాను. లెక్క మాత్రం పోతుంది."

అన్నట్టుగానే కూర్చునేది. తిరుగుదారిలో బండి ఎక్కాక ఒకే ప్రశ్న అడిగేది: "ఇవాళ నీకెక్కడ భయమేసింది?" ఎక్కడా వేయలేదంటే ఒప్పుకునేది కాదు. భయపడిన చోటు చెప్పాక, అక్కడ ఏం చేశానో, మరేం చేసి ఉండవచ్చునో ఊరు వచ్చేదాకా విప్పి చెప్పించేది. నా పాఠంలో సగం ఆ బండిలోనే జరిగింది.

పరీక్ష దగ్గరపడింది. నాకు ఇంకొక్క కానుపు మిగిలింది. అప్పుడు వేములపల్లి నుంచి కబురు వచ్చింది. పొద్దున్నే దాయి పెట్టె సర్దుకుని ఇద్దరం బయలుదేరాం. పెట్టెలో సబ్బు, కత్తెర, దారం, కాచి ఆరబెట్టిన గుడ్డలు ఉండేవి.

ఆ ఇంటి కోడలు సైదమ్మ. ముందు ఇద్దరు పుట్టి పోయారు. మొదటివాడు పురిట్లోనే పోయాడు. రెండోవాణ్ణి ఆచారం ప్రకారం పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పక్కింటామె చేత ఎత్తించి, తవుడు పోసి కొనుక్కున్నారు. ఇది అక్కరలేని బిడ్డ, పారేసిన బిడ్డ అనుకుని చావు పక్కకు తొలగిపోతుందని నమ్మకం. పుట్టిన బిడ్డలు పోయే ఇళ్లలో పెంటయ్యలు, పెంటమ్మలు, తవుటయ్యలు అందుకే ఉండేవారు. ఆ బిడ్డ కూడా వారం తిరగకముందే ఒళ్లు విల్లులా బిగుసుకుని పోయాడు. ఆ సంగతి అత్త లింగమ్మ చెబుతుంటే నేను రూతమ్మ వైపు చూశాను. పచ్చిబొడ్డుకు పెంట తగిలితే వచ్చే జబ్బు అదేనని నాకు పాఠంలో చెప్పారు. ఆమె ముఖంలో ఏ కదలికా లేదు. చేతులు ఒడిలోనే ఉన్నాయి.

కానుపు సాఫీగానే జరిగింది. పొద్దు నడినెత్తికి రాకముందే మగబిడ్డ పుట్టి ఏడ్చాడు. బొడ్డు కోసి, గుడ్డ కట్టాను. మాయ పూర్తిగా పడిందో లేదో చూసుకున్నాను. బిడ్డను తల్లి పక్కన పెట్టబోతే సైదమ్మ గోడవైపు తిరిగింది.

"తియ్యి దాయమ్మా. నా కండ్లకు సూపకు. నా సూపు తాకినోళ్లు ఉంటలేరు."

"పాలన్న ఇయ్యి చెల్లే, ఆకలికి ఏడుస్తుండు."

"నాది కాదు. నాకు పుట్టలే."

లింగమ్మ అప్పటికే చేతులు చాచింది. "ఇటియ్యి. పెంట మీద ఏసొస్త. అమ్మి కొంటెగాని కోడలు ముట్టది."

బిడ్డను ఇస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఇవ్వకపోతే ఈ తల్లి పాలివ్వదు. కానుపు అయిపోయింది, నా పని అయిపోయిందని పెట్టె మూసుకుని రావచ్చు. లెక్క పూర్తయ్యేది. కానీ బిడ్డ నా చేతుల్లో ఉన్నాడు.

"అవ్వా, పెంట మీదనే పెడదం. ఉట్టిగ గాదు, చేటల పెట్టి" అన్నాను.

"చేటల పెడితె పారేసినట్టెట్లయితది? సంతకు తీస్కపోయినట్టయితది."

"చేట పెంటకు తగుల్తది గదా. పోయినసారి ఉట్టిగ పెడితిరి, ఉన్నడా?"

లింగమ్మకు కోపం వచ్చింది. తర్వాత కళ్లలో నీళ్లు తిరిగాయి. లోపలికి పోయి చేట తెచ్చింది. నేను అందులో కాచిన గుడ్డ రెండు మడతలు పరిచి, బిడ్డను చుట్టి పడుకోబెట్టాను. పెంటకుప్ప పెరట్లోనే, తలుపుకు ఎదురుగా ఉంది. చేటను దాని అంచున ఆనించి, పక్కనే నిలబడ్డాను.

ఇప్పుడు ఎత్తేవాళ్లు కావాలి. పోయినసారి ఎత్తిన పక్కింటామె చెయ్యి అచ్చిరాలేదు. మిగిలినవాళ్లంతా ఒకే ఇంటిపేరు పాలివాళ్లు. ఇంటివాళ్లు ఇంటిబిడ్డను కొనకూడదు. నేనే ఎత్తుతానంటే లింగమ్మ తల అడ్డంగా ఊపింది.

"నువ్వు తీసిన చేతులతోని నువ్వే ఎట్ల ఎత్తుతవమ్మా? పరాయి మనిషి గావాలె." అని గోడవార కూర్చున్న తెల్లచీర వైపు చూసింది.

రూతమ్మ కూడా నన్నే చూస్తోంది. అడగమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆమె ముట్టుకుంటే ఈ కానుపు నాది కాకుండా పోతుంది. పరీక్ష మళ్లీ ఏడాదికే. ఇంటి దగ్గర నా పిల్ల, మళ్లీ నాట్ల బురద. అన్నీ ఒక్కసారే గుర్తుకొచ్చాయి. చేటలో ఏడ్చి ఏడ్చి బిడ్డ గొంతు తగ్గిపోయింది.

"అమ్మా, జర లేవుండ్రి. మీరు ఎత్తుకోవాలె" అన్నాను.

"తెలిసే అడుగుతున్నావా?"

"తెలిసే అడుగుతున్న."

రూతమ్మ లేచింది. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది. లింగమ్మకు అప్పుడొక అనుమానం వచ్చింది. "గిట్ల పెంట మీది బిడ్డనెత్తితె మీ దేవుడేమనడు గదమ్మా?"

"మా దేవుణ్ణీ పుట్టగానే గొడ్ల కొట్టంలోనే పడుకోబెట్టారులే అమ్మా" అని రూతమ్మ బిడ్డను ఎత్తుకుంది. "ఎవరో పారేసుకున్నారు. నాకు దొరికాడు. మా ఊరు తీసుకెళ్లిపోతాను."

లింగమ్మ దోసెడు తవుడు తెచ్చింది. "మాకిచ్చెయ్యి తల్లీ. తవుడు పోస్త."

అక్కడితో ఆచారం అయిపోవాలి. రూతమ్మ ఇవ్వలేదు. తలుపు దగ్గరకు వచ్చి, లోపల పడుకున్న మనిషికి వినపడేలా గొంతు పెంచింది.

"దోసెడు తవుడుకా? ఇంత బరువున్నవాణ్ణా? చూడు, వేలు ఎలా పట్టుకున్నాడో. నేనివ్వను."

లింగమ్మ బిత్తరపోయింది. "ఇదేందమ్మా, బేరమాడ్తున్నవ్?"

"అమ్మేదాన్ని నేను. ఆడనా మరి?"

మంచం కిర్రుమంది. సైదమ్మ ఇటు తిరిగింది. మోచేతి మీద లేచి, తలుపులో ఉన్న బిడ్డను చూసింది.

"అత్తా, ఇంకో దోసెడు పొయ్యే. సూస్తవేంది, తీస్కపోతది!"

లింగమ్మ తవుడు కుండే ఎత్తుకొచ్చింది. రూతమ్మ కొంగు పట్టి పోయించుకుంది. బిడ్డను తెచ్చి సైదమ్మ ఒడిలో పెట్టింది. బిడ్డ పాలు పట్టుకున్నాడు. సైదమ్మ చాలాసేపు వాడి ముఖం మీద నుంచి చూపు తిప్పలేదు.

వచ్చేటప్పుడు రూతమ్మ కొంగులోని తవుడు బండి ఎడ్ల ముందు పోసింది. ఎక్కి కూర్చున్నాక ఎప్పటి ప్రశ్నే అడిగింది.

"ఇవాళ నీకెక్కడ భయమేసింది?"

"మీరు లేసినప్పుడు."

"ఈ కానుపు లెక్కలో వెయ్యను."

"ఎరుకే."

ఆమె నా చెయ్యి తీసుకుని తన ఒడిలో పెట్టుకుంది. మిర్యాలగూడ వచ్చేదాకా అలాగే ఉంచుకుంది. లెక్కలో మాత్రం వేయలేదు. ఆ ఏడు పరీక్ష నేను లేకుండానే అయిపోయింది.

బొడ్డు రాలేదాకా నేను వేములపల్లికి రోజూ పోయి వచ్చాను. బిడ్డ బిగుసుకోలేదు. తవుటయ్య అని పేరు పెట్టారు. ఆ ఏడంతా నా పిల్లను చంకన వేసుకుని దవాఖానలోనే గుడ్డలు కాచే పని చేశాను, మిగిలిన కానుపు కూడా రూతమ్మ కళ్లముందే పూర్తిచేశాను. మరుసటి ఏడు సనదు వచ్చింది, కోదాడలో కొలువు ఇచ్చారు.

తర్వాత నేనే చాలామంది దాయిల మీద నిగరానీ చేశాను. గోడవార కూర్చుని చేతులు ఒడిలో పెట్టుకున్నాను. లేవవలసి వచ్చినప్పుడు లేచాను. లేచిన కానుపును నేర్చుకునేవాళ్ల లెక్కలో వేయలేదు. ఒకరిద్దరు ఏడ్చారు, ఒకామె తిట్టింది. నిగరానీ చేసే మనిషికి ఈ రెండూ తెలిసి ఉండాలి. బిడ్డ కోసం చెయ్యి వేయాలి, వేసినట్టు ఒప్పుకోవాలి. ఒకటి చేసి రెండోది వదిలేస్తే, రేపు అలా సనదు పొందిన దాయి ఒంటరిగా పోయే ఇంట్లో దాని బరువు ఇంకో తల్లి మోయాల్సి వస్తుంది.