సగంలో లేచి వచ్చిన సినిమా

సినిమా అంటే నాకు ఫైట్లుండాలి, పాటలుండాలి, కనీసం ఒక విలనైనా ఉండాలి. ఆ సినిమాలో ఇవేవీ లేవు. మొగుడూ పెళ్లాం కిటికీ పక్కన కూర్చుని మాట్లాడుకుంటారు, లేచి వంటింట్లోకి వెళ్లి మళ్లీ మాట్లాడుకుంటారు. అంతే.

పాతికేళ్ల కాపురంలో మా ఆవిడ తనంతట తాను అడిగిన సినిమా అదొక్కటే. ఉయ్యూరులో ఉన్న వాళ్ల చెల్లెలు చూసి బాగుందని చెప్పిందట. ఆదివారం మ్యాట్నీకి తీసుకెళ్లాను. పెళ్లిళ్లకు కట్టుకునే చీర కట్టుకుని వచ్చింది.

నాది ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు బాగుచేసే షెడ్డు. ఆ రొదలో మా పనంతా సగం సైగలతో, సగం అరుపులతో నడుస్తుంది. ఇంటికొచ్చేసరికి మాట్లాడే ఓపిక ఉండదు. అరిచే గొంతు మాత్రం అలాగే ఉండిపోయింది. తెర మీద భర్త, “ఇవాళంతా ఏం చేశావు?” అని అడిగాడు. భార్య చెప్పడం మొదలుపెట్టింది, ఎంతకీ ఆపదు. “ఒరేయ్, అడక్కపోతే పోయేదిగా!” అన్నాను. ముందు రెండు వరసలూ గొల్లుమన్నాయి. నాకు ఊపొచ్చింది. వాళ్లిద్దరూ కాసేపు మౌనంగా ఉంటే, “హమ్మయ్య, బ్యాటరీ డౌన్!” అన్నాను. మళ్లీ నవ్వులు. నవ్వని మనిషి నా పక్కనే ఉందని చూసుకోలేదు.

ఇంటర్వెల్లో “పోదాం పద, తలనొప్పి” అన్నాను.

“మిగతాది కూడా చూసి పోదామండీ” అంది ఒక్కసారి. నేను అప్పటికే జేబులోంచి బండి తాళం తీశాను. ఆమె వచ్చేసింది. ఇంటిదాకా ఒక్క మాట లేదు. మాకది మామూలే కాబట్టి నేను పట్టించుకోలేదు.

నాలుగు రోజుల తర్వాత అన్నం వడ్డిస్తూ అడిగింది. “వాళ్లిద్దరూ చివరికి ఏమయ్యుంటారంటారు?”

ఎవరిద్దరో గుర్తు రావడానికి నాకు కాసేపు పట్టింది. గుర్తొచ్చాక చాలా సిగ్గేసింది. మళ్లీ వెళ్దామా అంటే, “వద్దులెండి, మీకు మళ్లీ తలనొప్పి వస్తుంది” అంది. దెప్పడం కాదు, నిజంగానే అంది. దెప్పినా ఇంత బాధ ఉండేది కాదు.

మర్నాడు షెడ్డులో సామానుకు వెళ్తున్నానని చెప్పి, ఒక్కణ్ణే మ్యాట్నీకి వెళ్లాను. నిజం చెప్పాలంటే రెండోసారీ నచ్చలేదు. రెండుసార్లు కునుకు పడితే గిల్లుకుని మేలుకున్నాను. ఈసారి నోరు మాత్రం విప్పలేదు.

సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి కథ చెప్పాను. వాళ్లు విడిపోలేదని, ఇల్లు మారారని, కొత్తింట్లోనూ మాట్లాడుకుంటూనే ఉన్నారని. నేను వెళ్లి చూసొచ్చానని తెలిసి ఆమె స్టవ్ ఆపేసి, స్టూలు లాక్కుని కూర్చుంది. “అప్పుడావిడ ఏమంది? దానికి ఆయనేమన్నాడు?” అని ఒక్కొక్కటీ అడిగి చెప్పించుకుంది. మధ్యలో నవ్వింది కూడా. పెళ్లయిన కొత్తలో కూడా ఆమెతో అంతసేపు మాట్లాడిన గుర్తు లేదు. పది నిమిషాల్లో కథ అయిపోయింది. ఆమె లేవలేదు.

“ఇంకా చెప్పండి” అంది.

“అయిపోయిందే” అన్నాను.

“సినిమా కాదండీ. ఏదో ఒకటి.”

పది నిమిషాలపాటు ఎవరి మాటలో అప్పజెప్పిన నాకు, సొంతంగా ఒక్క మాటా దొరకలేదు.