ఎల్ బోర్డు జట్టు

ఆవిడకీ అందరిలాగే ఒక పేరుంది. కాకపోతే అది లైసెన్సు మీదే ఉండిపోయింది. మా వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ బ్రేకత్తయ్యే.

డ్రైవింగ్ స్కూలు నడిపేది. కారు నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చునేది. ఆవిడ కాలికి అందేలా అక్కడ ఇంకో బ్రేకు ఉండేది. ఏళ్ళ తరబడి దాని మీదే పెట్టి ఉంచిన కాలు ఇంట్లో కూడా ఊరుకునేది కాదు. టీవీలో ఎవరైనా పరిగెత్తినా, అత్తగారు మెట్లు గబగబా దిగినా, ఆ కాలు నేలని గట్టిగా తొక్కేసేది. ఇక గొంతు సంగతి చెప్పక్కర్లేదు. ఆవిడ "బ్రేకు!" అని అరిచిందంటే ఏ సంబంధమూ లేని స్కూటర్లు కూడా ఆగి దిక్కులు చూసేవి.

భర్త గడియారాలు బాగుచేసేవాడు. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల, కంటికి భూతద్దం, చేతిలో సన్నటి పట్టకారు. నోరు తెరిస్తే ఊపిరికి చిన్న చిన్న చక్రాలు ఎగిరిపోతాయని మాట్లాడ్డమే తగ్గించేశాడు. ఆయనకి కారు నడపడం రాదు. ఎందుకు నేర్చుకోలేదని అడిగితే, "ఆవిడ పక్కన కూర్చుని నేర్చుకోవాలంటే గుండె ధైర్యం కావాలి" అనేవాడు. ఇంట్లో మూడో మనిషి అత్తగారు. ఆవిడకి చెవి కాస్త మందం, నోరు మాత్రం మహా చురుకు.

వీధి చివర మూతపడిన నూలు మిల్లు వెనక, ఒకప్పుడు లారీలు నిలిపిన ఖాళీ జాగా ఉంది. మిల్లు వాళ్ళని అడిగి బ్రేకత్తయ్య అక్కడే కారు నేర్పేది. డ్రమ్ములు నిలబెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకె తిప్పించేది. సాయంత్రం బడి వదలగానే పిల్లలు బంతి పట్టుకుని అక్కడికే వచ్చేవాళ్ళు. ఆ డ్రమ్ములే వాళ్ళకి గోల్ పోస్టులు. రోజూ తగువే.

ఆ రోజు స్టీరింగ్ ముందు కూర్చున్నది లెక్కల మాస్టారు. బడిలో ఆయన గొంతు సవరించుకుంటే చాలు, క్లాసంతా గప్‌చుప్. కారెక్కితే మాత్రం ఆయనకే ముచ్చెమటలు పోసేవి. క్లచ్ ఏదో బ్రేకు ఏదో కాళ్ళకి గుర్తుండేది కాదు. లైసెన్సు పరీక్ష ఎన్నిసార్లు తప్పారో లెక్కల మాస్టారే లెక్కపెట్టడం మానేశారు.

బంతి దొర్లుకుంటూ కారు ముందుకొచ్చింది. మాస్టారు బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కారు. అత్తయ్య కాలు తన పని తాను చేసింది గానీ, అప్పటికే బంతి ముందు చక్రం కింద ఫట్టుమని పేలిపోయింది.

పిల్లలు చుట్టూ చేరారు. అందరిలోకీ పొట్టివాడు, పరుగులో ఎవరికీ చిక్కనివాడు, చీమ అని పిలుస్తారు వాణ్ణి. వాడు గాలి పోయిన బంతిని రెండు చేతుల్తో తీసి, దుమ్ము దులిపి, చంకలో పెట్టుకున్నాడు.

అత్తయ్యకి ప్రాణం ఉసూరుమంది. అయినా గొంతు తగ్గించలేదు. "ఇది కారు నేర్చుకునే చోటని ఎన్నిసార్లు చెప్పాలర్రా? మీ అబ్బ సొమ్మా ఈ జాగా?"

పిల్లల మధ్యలోంచి ఒక పొడుగాటి పిల్ల ముందుకొచ్చింది. గోల్ దగ్గర నిలబడేది ఆ పిల్లే. దాన్ని గోడ అనేవాళ్ళు. బంతిని ఆపుతుందని కాదు, బంతి ఎటు వెళ్ళినా నిలుచున్న చోటు నుంచి కదలదని.

"మీది కూడా కాదుగా అత్తా. మిల్లు వాళ్ళది."

మాస్టారికి నవ్వొచ్చింది గానీ, స్టీరింగ్ ముందు నవ్వే ధైర్యం లేక మింగేశారు.

మర్నాడు అత్తయ్య కొత్త బంతి తెచ్చింది. పిల్లలకి ఇమ్మని మాస్టారి చేతికిచ్చింది. ఆయన దాన్ని చేత్తో ఇవ్వలేదు. చేతిలోంచి జారవిడిచి పాదంతో అందుకున్నారు. పాదం మీంచి మోకాలు, మోకాలి మీంచి నుదురు, నుదుటి మీంచి మళ్ళీ పాదం. బంతి నేలని ముట్టుకోవడం లేదు. చొక్కా జేబులో పెన్ను కూడా కదలడం లేదు. పిల్లలు నోళ్ళు తెరిచేశారు. కాలేజీ రోజుల్లో ఆయన పేరున్న ఆటగాడట. ఉద్యోగం, సంసారం వచ్చాక ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

అత్తయ్య నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ అడిగింది. "ఏవండీ మాస్టారూ, మరి ఈ కాళ్ళు నా కారెక్కగానే ఏమైపోతాయండీ?"

"బంతి నా మాట వింటుంది మేడమ్," అన్నారాయన సిగ్గుపడుతూ. "కారు వినదు."

"అయితే ఒక ఒప్పందం. మీరు వీళ్ళకి ఆట నేర్పండి. మీకు బండి వచ్చేదాకా నేర్పే పూచీ నాది. జాగా గురించి ఇక తగువుల్లేవు. ఐదింటిదాకా కార్లు, ఐదు దాటితే బంతి."

అలా మొదలైంది. అత్తయ్యకి ఫుట్‌బాల్ గురించి ఇసుమంత కూడా తెలియదు. కానీ చెల్లాచెదురుగా ఉన్నదేదైనా చూస్తే ఆవిడకి చేతులు ఊరుకోవు. పిల్లల్ని వరసలో నిలబెట్టింది. ఆలస్యంగా వచ్చినవాళ్ళ చేత డ్రమ్ముల చుట్టూ ఎనిమిది అంకె పరిగెత్తించింది. ఇంటింటికీ వెళ్ళి తల్లిదండ్రుల్ని ఒప్పించింది. ఊళ్ళో ఆదివారాలు పిల్లల జట్లకి పోటీలు జరుగుతాయని తెలుసుకుని, అవి నడిపే ఆఫీసుకి వెళ్ళి మన జట్టునీ చేర్చుకోమంది.

"జట్టు పేరేంటండీ?" అన్నాడు అక్కడి గుమస్తా.

అత్తయ్య దాని గురించి ఆలోచించనే లేదు. జెర్సీలు కుట్టించడానికి ఇంట్లో తెల్ల గుడ్డ ఉంది. కార్లకి అంటించే ఎర్ర అక్షరాలు బోలెడున్నాయి. "ఎల్ బోర్డు," అంది.

గుమస్తా తలెత్తి చూశాడు.

"ఇంకా నేర్చుకుంటున్నారని ముందే చెప్పేస్తే, వెనకనుంచి ఎవరూ హారన్ కొట్టరండీ," అంది అత్తయ్య.

వారం తిరిగేసరికి పిల్లలందరి వీపుల మీదా ఎర్రటి ఎల్ అక్షరం వచ్చేసింది. మాస్టారు ఆట నేర్పేవారు. అత్తయ్య గీత అవతల నిలబడి తనకి తెలిసిన భాషలో అరిచేది. "అద్దం చూసుకోరా, వెనక ఎవడొస్తున్నాడో!" "ఇండికేటర్ వెయ్యకుండా తిరిగితే పక్కోడికెలా తెలుస్తుందే?" విచిత్రమేమిటంటే పిల్లలకి ఆ భాషే ఒంటబట్టింది. పాస్ ఇవ్వబోయే ముందు చెయ్యెత్తి చూపించేవాళ్ళు. అవతలి జట్టుకి కూడా ముందే తెలిసిపోయేదనుకోండి, అది వేరే సంగతి.

పొద్దున పూట కారులో పాఠం తిరగబడేది. "క్లచ్ అంటే బంతి అనుకోండి మాస్టారూ. తన్నకండి. ఆపండి. ఇప్పుడు మెల్లగా వదలండి... అదీ!" మాస్టారి కాళ్ళకి మొదటిసారి కారు అర్థమైంది. కొన్నాళ్ళకి ఆయన పరీక్ష గట్టెక్కారు. లైసెన్సు తెచ్చి, కళ్ళనీళ్ళతో అత్తయ్య చేతిలో పెట్టారు. ఆవిడ పక్కన లేకుండా మాత్రం కారు తాళం ముట్టుకునేవారు కాదు.

మాస్టారు గెలిచారు గానీ జట్టు గెలవలేదు. గెలవకపోవడం అంటే అలా ఇలా కాదు. ప్రతి ఆదివారమూ చిత్తుగా ఓడిపోయేది. ఒక్క గోల్ కూడా పడలేదు. ఇంటికి రాగానే అత్తగారు కేకేసేది.

"అమ్మాయ్, మనవాళ్ళెన్ని?"

"సున్నా అత్తయ్యా!"

"ఎన్నీ?"

"సున్నా!"

"పోన్లే. పిల్లలు అన్నం తిన్నారా?"

రోజులు గడిచేకొద్దీ పిల్లల ముఖాల్లో కళ తగ్గింది. ఒక సాయంత్రం గోడ ఇంటికొచ్చి గడియారాల బల్ల మీద చేతితొడుగులు పెట్టేసింది.

"నేనిక రానత్తా. నావల్లే ఓడిపోతున్నాం. బంతి వస్తుంటే నాకు కాళ్ళు కదలవు."

గడియారాలాయన భూతద్దం తీసి భార్య వంక చూశాడు. అత్తయ్య ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంది.

"భయం ఎప్పుడేస్తుందే నీకు? బంతి చేతికొచ్చాకా, రాకముందా?"

"రాకముందే. చేతికొచ్చాక ఏమీ ఉండదు."

"నా దగ్గరికొచ్చేవాళ్ళందరికీ అంతేనే. ఎదురుగా లారీ కనిపించగానే బిగుసుకుపోతారు. అదొచ్చేదాకా చూస్తూ కూర్చుంటే భయం పెరుగుతూనే ఉంటుంది. ఈసారి నువ్వే ముందుకి పో. దాని దగ్గరికి నువ్వెళ్ళు. పోతే పోయింది, ఒక గోల్. మనకి కొత్తా?"

గోడకి నవ్వొచ్చింది. చేతితొడుగులు మళ్ళీ తీసుకుంది.

ఆ ఏడాదికి ఆఖరి ఆట ఊరికి ఆ చివరెక్కడో పడింది. పొద్దున్నే పిల్లల్ని తీసుకెళ్ళాల్సిన వ్యాను రాలేదు. ఫోన్ చేస్తే దారిలో చెడిపోయిందన్నారు. అత్తయ్య దగ్గర రెండు కార్లున్నాయి. ఒకటి తను నడుపుతుంది. రెండోది కొత్తది, పక్క సీటుకి ఇంకా బ్రేకు బిగించలేదు. అందరూ మాస్టారి వైపు చూశారు. మాస్టారు వెనక్కి చూశారు, అక్కడ ఇంకెవరైనా ఉన్నారేమోనని.

"మేడమ్, మీరు పక్కన లేకుండా..."

"నా బదులు మా అత్తగారిని కూర్చోబెడతా పదండి."

అత్తగారు నారింజపళ్ళ బుట్ట ఒళ్ళో పెట్టుకుని దర్జాగా ముందు సీట్లో కూర్చుంది. సగం మంది పిల్లలు వెనక ఎక్కారు. మిగతావాళ్ళు అత్తయ్య కార్లో సర్దుకున్నారు. ఎన్నడూ ఆటకి రాని గడియారాలాయన కూడా ఆ రోజెందుకో చెప్పులేసుకుని వచ్చి ఇరుక్కుని కూర్చున్నాడు. దారి పొడుగునా అత్తయ్య కళ్ళు అద్దంలోనే ఉన్నాయి. వెనక కారు తాపీగా, పద్ధతిగా, ప్రతి మలుపులోనూ ఇండికేటర్ వేసుకుంటూ వచ్చింది.

దిగగానే అత్తగారు తీర్పు చెప్పేసింది. "కుర్రాడు బాగానే తోలాడమ్మాయ్. కాకపోతే నడిచెళ్ళేవాళ్ళు మాకు టాటా చెప్పి ముందుకెళ్ళిపోయారు." యాభై దాటిన మాస్టారు, కుర్రాడన్నందుకో ఏమో, ముఖం వెలిగిపోతూ కారు దిగారు.

ఆట మాత్రం మామూలే. అవతలివాళ్ళు ఆరు గోల్స్ కొట్టేశారు. వాళ్ళ గోల్‌కీపర్‌కి పనేమీ లేక విసుగొచ్చి, సగం మైదానం దాకా షికారు వచ్చి నిలబడ్డాడు. ఇక కాసేపట్లో ఆట అయిపోతుందనగా బంతి మళ్ళీ గోడ వైపు దూసుకొచ్చింది. ఆ పిల్ల ఈసారి నిలబడలేదు. పరిగెత్తింది. అవతలివాడు తన్నేలోపే వాడి కాళ్ళ దగ్గర పడి బంతిని పొట్టకి కరుచుకుంది. లేచి నిలబడి, తన చేతుల్లో బంతి ఉందని తనే నమ్మలేనట్టు చూసుకుంది.

"తన్నవే నా తల్లీ!" అని అత్తగారి కేక.

గోడ ఉన్న బలమంతా పెట్టి తన్నింది. బంతి ఆకాశంలోకి లేచి, షికారుకొచ్చిన గోల్‌కీపర్ తల మీదుగా వెళ్ళి పడింది. చీమ అప్పటికే పరుగందుకున్నాడు. ముందు ఎవరూ లేరు. వెనక అందరూ ఉన్నారు. అంత ఖాళీ ఎన్నడూ చూడని వాడికి అనుమానమొచ్చింది, తానేదైనా తప్పు చేస్తున్నానా అని. పరుగు తగ్గించి అత్తయ్య వైపు చూశాడు.

"బ్రేకు వద్దురోయ్!" గీత అవతల అత్తయ్య ఎగిరి గంతేసింది. "తొక్కు! తొక్కరా! ఇంకా తొక్కు!"

చీమ తొక్కాడు. చివర్లో కాలు సరిగా పడలేదు, మోకాలికి తగిలింది. బంతి ఏదో ఆలోచిస్తున్నట్టు నిదానంగా దొర్లుతూ వెళ్ళి గీత దాటింది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అందరికంటే ముందు తేరుకున్నది గడియారాలాయన. జీవితంలో గొంతు పెంచని మనిషి "గోల్!" అని ఒక్క కేక పెట్టి, చెప్పులు వదిలేసి మైదానంలోకి పరిగెత్తి చీమని భుజాలకెత్తుకున్నాడు. వెనకే అత్తయ్య, మాస్టారు, పిల్లలు. బుట్ట బోర్లాపడి నారింజపళ్ళు మైదానమంతా దొర్లాయి. అత్తగారు ఎవరో తెలియని అవతలి జట్టు పిల్లాణ్ణి పట్టుకుని రెండు బుగ్గలూ ముద్దుపెట్టేసుకుంది. రిఫరీ ఈల ఊదీ ఊదీ అలిసిపోయి, కాళ్ళ దగ్గరికొచ్చిన ఒక నారింజ తీసి ఒలుచుకోవడం మొదలుపెట్టాడు.

ఆట ముగిశాక అవతలి జట్టు కోచ్ వచ్చి మర్యాదగానే అడిగాడు. "ఏమనుకోకండి మేడమ్. మీరు ఓడిపోయారు, తెలుసు కదా?"

"తెలుసండీ," అంది అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ. "మా గోల్ చూశారా, లేదా?"

"చూశానండీ."

"ఎలా ఉంది?"

ఆయన కాసేపు గంభీరంగా ఉండబోయాడు గానీ వల్ల కాలేదు. "అదిరిపోయింది," అని నవ్వేశాడు.

మరుసటి ఏడాది ఆ జట్టు గెలవడం కూడా నేర్చుకుంది. ఆ తర్వాతి ఏళ్ళలో మిల్లు వెనక జాగాలో గడ్డి మొలిపించారు. డ్రమ్ములు పోయి నిజం గోల్ పోస్టులొచ్చాయి. పిల్లలు ఎక్కువై పెద్దవాళ్ళకొకటి, చిన్నవాళ్ళకొకటి, మరీ చిన్నవాళ్ళకొకటి జట్లు చెయ్యాల్సొచ్చింది. గోడ ఇప్పుడు ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ లేని ఆదివారం వచ్చి చిన్న గోల్‌కీపర్లకి కింద పడడం నేర్పుతుంది, లేవడం కూడా. చీమ ఆరడుగులు పెరిగాడు. అయినా వాడి పేరు మార్చే ఆలోచన ఎవరికీ లేదు.

మొన్న ఆదివారం నేనూ వెళ్ళాను. మరీ చిన్నవాళ్ళ ఆట జరుగుతోంది. బంతి ఎటుంటే అటు అందరూ ఒకటే గుంపు. మన జట్టు గోల్ దగ్గర నిలబడ్డ బుడంకాయ ఒకతి ఉన్నట్టుండి అన్నీ వదిలేసి, గీత దాటి, బ్రేకత్తయ్య దగ్గరికి పరిగెత్తుకొచ్చి నోరు తెరిచింది.

"అత్తా, చూడు, పన్ను ఊగుతోంది!"

వెనక ఖాళీ గోల్‌లోకి బంతి వెళ్ళిపోయింది. అవతలివాళ్ళు ఎగిరి గంతులేస్తున్నారు. అత్తయ్య అటు చూడనైనా లేదు. కళ్ళజోడు పెట్టుకుని, వంగి, ఆ పన్నుని వేలితో మెల్లగా కదిపి చూసింది.

"ఇంకో రెండ్రోజులు ఆగుతుందిలే," అంది. "పో, ఆడుకో."