బోరు గదిలో బొగ్గు గీతలు

నీళ్ల లక్ష్మన్న కొత్త రేడియో పెట్టెను చెడగొడుతున్నాడని ఊర్లో మాట పుట్టింది. అది వస్తే తన పని పోతుందన్న కడుపుమంటతో రోజూ బోరు గదిలో దూరి తీగలు పీకుతున్నాడట. మిట్టమధ్యాహ్నం తువ్వాలు నెత్తిన వేసుకుని అటే పోతుంటే కళ్లారా చూశానని సంతోషమ్మ కొళాయి కాడ నలుగురికి చెప్పింది. సాయంత్రానికి ఊరంతా తెలిసింది.

ఆలూరుకు దగ్గరి పల్లె అది. ట్యాంకు ఊరి నడుమ, బోరు మూడు కిలోమీటర్ల అవతల వంక ఒడ్డున. ట్యాంకు ఖాళీ అయితే సైకిల్ తొక్కి పోయి మోటరు వేయడం, నిండే వేళకు ఆపడం పంతొమ్మిదేళ్లుగా లక్ష్మన్న పని. గడియారం చూడటం రాదు. కిటికీలోంచి వచ్చే ఎండ గది గోడ మీద ఎంతవరకు పాకితే అక్కడ బొగ్గుతో గీత గీసేవాడు. వేస్తే నిలువు గీత, ఆపితే అడ్డగీత.

ఇప్పుడు ఆ పనికి రెండు పెట్టెలు వచ్చాయి. ట్యాంకు మీది పెట్టె నిండిందని గాలిలో కబురు పంపితే, బోరు కాడి పెట్టె విని మోటరు ఆపాలి. కర్నూలు నుంచి కాంట్రాక్టరు తరఫున వచ్చిన క్రిస్టినా వాటిని బిగించి పోయింది. మర్నాటి నుంచే ట్యాంకు సగం కాకముందే మోటరు ఆగిపోసాగింది.

ఏడోరోజు క్రిస్టినా మళ్లీ వచ్చింది. ల్యాప్‌టాప్‌కు తీగ తగిలించి రెండు పెట్టెలూ కబురు పంపుకునే వేగం ఒకటేనని చూసింది. యాంటెనాలు ఎదురెదురుగానే ఉన్నాయి, పచ్చలైట్లు వెలుగుతున్నాయి. పెట్టెలో లోపం లేదని, ఎవరో ముట్టుకుంటున్నారని సర్పంచుతో అంది. రేపు సాయంత్రానికి ఇది తేలకపోతే నీళ్లపనికి వేరే మనిషిని పెడతానని సర్పంచు లక్ష్మన్నకు చెప్పాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం లక్ష్మన్న క్రిస్టినాను బోరు గదికి పిలిచి గోడ చూపించాడు. ఏడు అడ్డగీతలు ఒకే చోట, ఒకదాని కింద ఒకటి.

"ఎండ ఈడికి వచ్చేసరికి మోటరు నిలబడతాది. చూస్తా ఉండమ్మా."

ఎండ గీతల దగ్గరికి పాకింది. టక్కుమని మోటరు ఆగింది. కాసేపటికి బయట బండి చప్పుడైంది. వంక అవతలి ఊరి నీళ్లమనిషి ఏసురాజు తలుపులోంచి తొంగిచూశాడు.

"ఏమప్పా, ఈపొద్దూ గోడకు కాపలానేనా?"

"మీ ట్యాంకు నిండిందా?"

"ఇప్పుడే నిండె. వాల్వు తిప్పి బువ్వకు పోతాండా."

రోజూ ఇదే వేళకు, ఇదే మాట. ఏసురాజు పోయాక లక్ష్మన్న నెమ్మదిగా అన్నాడు.

"ఈ పెట్టె మా ట్యాంకు మాట ఇనడంలే మేడమ్. వాళ్ల ట్యాంకు మాట ఇంటాండాది."

"అది వేరే ఊరు కదన్నా?"

"ఆ ఊర్లో పెట్టెలు బిగించింది ఎవరు?"

క్రిస్టినా ల్యాప్‌టాప్ తెరిచింది. బిగించింది ఆమే, అదే వారంలో, ఒకే లోడులో వచ్చిన పెట్టెలు. ఏ జతకు ఆ జతకు వేరే నంబరు ఇస్తేనే ఒకదాని కబురు ఇంకోదాని చెవిన పడదు. ఆమె మాత్రం కంపెనీ పెట్టి పంపిన నంబరునే నాలుగింటిలోనూ వదిలేసింది.

తీగ తగిలించి ఈ బోరు గది పెట్టెకు కొత్త నంబరు ఇచ్చింది. ఊర్లోకి వచ్చి ట్యాంకు నిచ్చెన ఎక్కి పైపెట్టెకూ అదే ఇచ్చింది. తప్పు తనదేనని సర్పంచుతో ఒప్పుకుంది. మరునాడు ఎండ గీతలు దాటింది, ఏసురాజు బండీ దాటింది. మోటరు తిరుగుతూనే ఉంది. ట్యాంకు నిండాకే ఆగింది.

లక్ష్మన్నను వాల్వుల పనికి ఉంచుకున్నారు. మాట మాత్రం చావలేదు. మేడమ్ వచ్చి గట్టిగా అడిగేసరికి భయపడి మానుకున్నాడని ఇప్పటికీ కొళాయి కాడ అనుకుంటారు.

పెట్టె సరిగా పనిచేయని ఆ ఎనిమిది రోజులూ మోటరు ఆగినప్పుడల్లా లక్ష్మన్న చేత్తో మళ్లీ వేశాడు. సంతోషమ్మ నిలబడి మాట్లాడిన ఆ కొళాయిలో ఒక్క పూట కూడా నీళ్లు ఆగలేదు.